రెండు చేతులూ ఒక్కసారే

మొన్న ఆదివారం బచేలిలో మా అక్క ఇంట్లో భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చున్నాం. ఏదో దేశంలో అంతర్జాతీయ ఈత పోటీలు, మగవాళ్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఫైనల్ వస్తోంది. మావైపు దాన్ని కప్ప ఈత అంటారు. ఎనిమిదిమంది కుర్రాళ్లు ఒక్కసారిగా తలలెత్తి, ఒక్కసారిగా మునుగుతూ వస్తున్నారు. ఇంకో పది మీటర్లు ఉందనగా అక్క చిక్కుడుకాయలు తుంచడం ఆపి, "రెండు చేతులు! రెండు చేతులు!" అని పక్కింటికి వినపడేలా అరిచింది. పడక్కుర్చీలో ఉన్న బావ తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. తువ్వాలు కింద నవ్వుతున్నాడని పొట్ట కదలడం చూస్తే తెలుస్తూనే ఉంది. వాళ్లిద్దరికీ ఆ అరుపు వెనక ఒక కథ ఉంది. అందులో సగం నా కళ్లముందే జరిగింది.

బావది ఇంద్రావతికి అవతలి ఒడ్డు, మాది ఇవతల భోపాల్‌పట్నం. వంతెన లేని రోజుల్లో నాటుపడవ ఉండేది గాని, అది పడవవాడికి బుద్ధి పుట్టినప్పుడే కదిలేది. అంచేత ఎండాకాలం ప్రవాహం తగ్గాక అటువైపు మగవాళ్లు బట్టలు మూటకట్టి నెత్తిన పెట్టుకుని ఈదుకుంటూ వచ్చేసేవారు. మూట తడవకూడదంటే చేతులు పైకి విసిరి ఈదడం కుదరదు. తల నీళ్లపైనే నిలిపి, రెండు చేతులూ ముందుకు చాపి పక్కలకు తోస్తూ, కాళ్లు కప్పలా ముడిచి తన్నాలి. బావ పెళ్లిచూపులకు కూడా అలాగే వచ్చాడు. మా నాన్న గుమ్మంలోనే అతని చొక్కా ఇస్త్రీ మడతలు పరీక్షగా చూసి, లోపలికొచ్చి అమ్మతో, "చొక్క తడ్వకుంట ఏరు దాటొచ్చిండు. పిల్లను మంచిగనే సూస్కుంటడు" అన్నాడు. అక్క తలుపుచాటునుంచి చూసింది చొక్కాను కాదట, చెవి వెనక అంటుకున్న నాచును. అది చూసే ఒప్పుకున్నానని ఇప్పటికీ అంటుంది. ఆ వైపు వాళ్లకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఒడ్డు చేరగానే, నీళ్లలోంచి లేవకముందే, కుడిచెయ్యి చాపి గట్టును తాకి కళ్లకద్దుకుంటారు. క్షేమంగా దాటించిన గంగకు దండమన్నమాట. ఎడమచెయ్యి తగలకూడదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, పెద్దలను చూసి పిల్లలకు వచ్చేస్తుంది. బావకూ అలాగే వచ్చింది.

బచేలి ఇనుప గనిలో ఫిట్టరుగా పనిచేసినన్నాళ్లూ అతని ఈతకు సెలవు రోజులే దొరికేవి. రిటైరయ్యాక పొద్దున్నే టౌన్‌షిప్ ఈతకొలనులో దిగడం మొదలుపెట్టాడు. ఎవరో చెబితే జగదల్‌పూర్‌లో పెద్దవయసువాళ్ల పోటీకి వెళ్లి గెలిచాడు, రాయ్‌పూర్ వెళ్లి మళ్లీ గెలిచాడు. మా చుట్టాల్లో ఎవరికీ లేని కొత్త రోగం పట్టుకుందని నేను ఆటపట్టించేదాన్ని. నిజం రోగం ఆ వెనకే వచ్చింది. ఒకరోజు కొలను గట్టుమీదే గుండె పట్టుకుని కూలబడ్డాడు. స్టెంటు వేశారు. ఆ తర్వాత అక్క మనిషి మనిషిలా లేదు. బావ కునుకు తీస్తే ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ కూర్చునేది. స్నానానికి వెళ్లి రెండు నిమిషాలు ఆలస్యమైతే తలుపు కొట్టేది. నెలలు గడిచాక డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇక ఈదొచ్చు, పోటీకి వెళ్లినా పర్వాలేదన్నాడు. డాక్టరు ఒప్పుకుంటే చాలా, అక్క ఒప్పుకోవద్దూ? సరిగ్గా ఆ ఏడే అరవై దాటినవాళ్ల అంతర్జాతీయ పోటీలు మన దేశంలోనే, దక్షిణాదిన ఒక నగరంలో పెట్టారు. వందమీటర్ల కప్ప ఈతకు బావను ఎంపిక చేశారు. మూడు రోజులు అక్క ఒప్పుకోలేదు. నాలుగోరోజు నన్ను సాక్షిగా కూర్చోబెట్టి అక్క తీర్పు చెప్పింది: "గీ ఒక్క పోటీ. గంతే. మల్ల ఈ జన్మల పోటీ మాటెత్తద్దు." బావ ఆమె చేతిలో చెయ్యి వేశాడు. వేస్తున్నప్పుడు అతని ముఖం చూశాను. జీవితమంతా చేసిన పనిని ఒక మనిషి ఒక్కసారికి కుదించుకుంటున్నాడు.

ఒప్పుకున్నాక మా అక్క ఊరుకునే రకం కాదు. ఆ ఈతలో గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలని, ఒక చెయ్యి ముందు తగిలితే పోటీలోంచి తీసేస్తారని కొలను దగ్గర శిక్షకుడు చెప్పాడు. చిన్న పోటీల్లో ఎవరో చూసీచూడనట్టు వదిలేశారు కాబోలు. బావ కుడిచెయ్యి సంగతి అక్కకు బాగా తెలుసు. అందుకని ఇంట్లో శిక్షణ మొదలుపెట్టింది. టీ గ్లాసు రెండు చేతులతో అందుకుంటేనే ఇచ్చేది. తలుపు రెండు చేతులతో తొయ్యాలి, కూరగాయల సంచీ రెండు చేతులతో పట్టాలి. బజార్లో తెలిసినవాడు చెయ్యి కలిపితే బావ రెండు చేతులూ చాచేవాడు. రిటైరయ్యాక పెద్దాయనకు ఎంత వినయం వచ్చిందో అని బచేలిలో చెప్పుకున్నారు.

పోటీకి ముగ్గురం వెళ్లాం. అంత పెద్ద కొలను నేనెప్పుడూ చూడలేదు. నీళ్లు మరీ తేటగా ఉండి, క్లోరిన్ మందు వాసన కొడుతున్నాయి. పక్క వరుసల్లో తెల్లగా, ఎత్తుగా ఉన్న విదేశీ తాతయ్యలు నిలబడి ఒళ్లు విరుచుకుంటున్నారు. వాళ్ల మధ్య మా బావ ఎండకు నల్లబడ్డ భుజాలతో, నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. ఈల మోగింది. అక్క నా మణికట్టు పట్టుకుంది. యాభై మీటర్ల దగ్గర బావ రెండు చేతులూ ఒక్కసారే గోడకు ఆనించి తిరిగాడు. అక్క ఊపిరి వదిలింది. తిరుగుదారిలో ఒక్కొక్కరినీ దాటాడు. ఆరు, అయిదు, నాలుగు. ఆఖరికి మూడోవాడిగా వచ్చాడు. వస్తూనే కుడిచెయ్యి చాపి గట్టును తాకి, నీళ్లలో ఉండగానే కళ్లకద్దుకున్నాడు. ఫలితాల పలకమీద అతని పేరు మూడోస్థానంలో వెలిగింది. నేను చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను. నా చప్పట్లు ఆగకముందే పేరు పోయింది.

బెంచీమీద తువ్వాలు కప్పుకుని కూర్చున్న బావ దగ్గరికి వెళ్తే తలెత్తలేదు. ఎందుకలా చేశావని కసిరాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "నడిమిట్లది గోడ గద మరదలా," అన్నాడు నెమ్మదిగా. "ఆకర్న వచ్చేది ఒడ్డు. చెయ్యి దానంతటదే పోయింది." అక్కవైపు తిరిగి, "అయిపోయింది తియ్యి. మాటిచ్చిన గద, ఇగ పోటీలకు పోను" అన్నాడు.

అక్క నోరు మెదపకుండా ఉంటే చాలు, ఆమె భయానికి అక్కడితో విముక్తి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె లేచి, కాగితాలు పట్టుకుని అటుగా పోతున్న పోటీ అధికారిని ఆపి హిందీలో అడిగింది, ఈ పోటీ మా ఆయన లెక్కలోకి వస్తుందా అని. రాదమ్మా, ఆయన ఈదినట్టే రాసుకోం అన్నాడతను జాలిగా. అక్క తిరిగొచ్చి బావ పక్కన కూర్చుంది. తువ్వాలు కొసతో అతని చెవి వెనక తడి తుడిచింది. గొంతు నన్ను తిట్టేటప్పటిలాగే గట్టిగా ఉంది.

"ఇన్నవా, లెక్కలకు రాదంట. ఒక్క పోటీ అనే గద అనుకున్నం? అది ఇంక కాలేదు."

బావ తల తిప్పి ఆమెను చూశాడు. అప్పటినుంచి ఆ ఒక్క పోటీ పూర్తి చేయడానికి ఏటేటా ఎక్కడికో ఒకచోటికి వెళ్తూనే ఉన్నాడు. ఏదో ఒక వంకతో అది అక్క లెక్కలోకి రాదు, ఆమె మందుల డబ్బా సర్దుకుని వెంట వెళ్తూనే ఉంటుంది. మనిషికి కాలం మిగిలి ఉందో లేదో డాక్టర్లు చెప్పగలరేమో గాని, మా బావకు ఆ రోజునుంచి దొరికిన ఏళ్లన్నీ మా అక్క తన నిద్రలోంచి తీసి ఇచ్చినవే.