నాపరాళ్ళ లారీ, భూమి బరువు

ఆ రోజుల్లో భూమి బరువు గురించి దిగులుపడే మనిషి మా ఊళ్ళో నేనొక్కదాన్నే. ఇప్పుడు ఆ దిగులు చదువుకున్నవాళ్ళకు పట్టుకుంది. ఆకాశంలో తిరిగే రాళ్ళను తవ్వి ఇనుమూ బంగారమూ కిందికి దింపుతారట. అంత సరుకు దిగితే భూమి బరువెక్కి తిరగడం మందగిస్తుందా, పగలు పెరుగుతుందా అని వాళ్ళు లెక్కలు వేస్తున్నారని నంద్యాలలో చదివే మా మనవరాలు ఫోనులో చూసి చెప్పింది. "కొండలకు కొండలు దింపినా భూమికి తెలీనే తెలీదంట అవ్వా" అని ధైర్యం కూడా తనే చెప్పింది. (పగలు పెరిగితే కరెంటు ఖర్చన్నా తగ్గేది, అదీ లేదన్నమాట.) ఇలాంటి ప్రశ్న నేను మూడో తరగతిలోనే అడిగాను. జవాబుగా మొట్టికాయ వచ్చింది.

మాది కొలిమిగుండ్ల దగ్గర పల్లె. మా నాయన చిన్న నాపరాళ్ళ గని కౌలుకు చేసేవాడు. ఒకనాడు అయ్యవారు బడికి భూగోళం బొమ్మ తెచ్చారు. చూస్తే అది ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎందుకు ఒరిగిందని అడిగితే "అదంతే, కూర్చో" అని మొట్టారు. నేను ఊరుకునే పిల్లను కాను. సంతలో తక్కెడ చూసినదాన్ని. ఒక పక్క బరువు తీస్తే రెండో పక్క కిందికి దిగుతుంది. మా గని నుంచి లారీలకు లారీలు రాళ్ళు ఎటో పోతున్నాయి, ఇంక భూమి ఒరగక ఏం చేస్తుంది? మర్నాడు లోడెత్తిన లారీ ఎక్కి, రాళ్ళ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"దిగుమే కిందికి! ఆళ్ళగడ్డలో మేస్త్రీ కాసుకోనుండాడు. ఈ పొద్దు రాయి చేరకుంటే ఇంగో గనికి పోతాడు. మన పని పాయె!" అని నాయన అరిచాడు. ఏడాది పొడుగునా మా రాయి కొనేది ఆ మేస్త్రీ ఒక్కడే.

"భూమి ఒరిగిపోతాంది నాయనా! లారీ వచ్చేటప్పుడు ఉత్తగా ఎందుకొస్తాంది? అంతే బరువు ఏసుకోని రావల్ల."

లారీ తోలే సాయిబు మామ నవ్వాడు. "ఏం ఏసుకోని రావల్ల మే? ఇసుకా?"

"ఇసుకెందుకు? జొన్నలు తే."

నాయన కట్టె వెతుక్కుంటుంటే మామే అడ్డుపడ్డాడు. "ఆళ్ళగడ్డ గూడా భూమి మీదనే ఉండాది మే. ఈ గదిలో మూట ఆ గదిలో పెడితే ఇంటి బరువు తగ్గుతాదా?"

నేను ఆళ్ళగడ్డ ఎన్నడూ చూడలేదు. మనుషుల మాట మీద నమ్మే అలవాటూ లేదు. "చూపిస్తే దిగుతా" అన్నాను. ఆలస్యమవుతోందని నాయన నన్ను దించి, ముందు సీట్లో ఇరికించుకుని బయలుదేరాడు.

ఆళ్ళగడ్డలో మేస్త్రీ పనిచేస్తున్న ఇంటి వసారాలో అంతకుముందు తోలిన మా రాళ్ళు సగం పరిచి ఉన్నాయి. మేస్త్రీ వాటి మీద చెంబుతో నీళ్ళు పోసి చూస్తున్నాడు. నీళ్ళు ఎక్కడా ఆగకుండా ఒక పక్కకే జారిపోయాయి. "ఈడ గూడా ఒరిగింది! అందరూ బయటికి రాండి!" అని అరిచాను. ఇంటామె బిడ్డను చంకనేసుకుని నిజంగానే వీధిలోకి పరిగెత్తింది.

"ఎవురప్పా ఈ పిల్ల, నా పనికి వంకలు పెడతాంది?" అని మేస్త్రీ చెంబు పక్కన పెట్టి లేచాడు. నాయన ముఖం సున్నం కొట్టినట్టయింది. మా పాపేనని, భూమి గొడవంతా తల వంచుకుని చెప్పాడు. మేస్త్రీ కడుపు పట్టుకుని నవ్వాడు.

"అది ఒరగడం కాదు మే, వాటం. కడిగిన నీళ్ళు నిలవకుండా మేమే ఒక పక్కకు పల్లం పెడతాం."

"మరి భూమికి?"

"దానికి ఇంగా పెద్ద మేస్త్రీ పెట్టింటాడులే." తర్వాత నాయన వైపు తిరిగాడు. "నీళ్ళు ఎట్ల పోతాండాయో నా కూలోళ్ళే చూడరు, నీ బిడ్డ చూసింది. వచ్చే ఇంటికి గూడా నీ రాయే తోలప్పా. ఈ పిల్లను మాత్రం తేవాకు."

తిరుగుదారిలో నాయన నన్ను కొట్టలేదు. నాకు మాత్రం అనుమానం పూర్తిగా తీరలేదు. అందుకని దారి పొడుగునా మా ఊరి వైపుకే వాలి, నా వంతు బరువంతా అటే వేసి కూర్చున్నాను. ఏది దుబారా చేసినా ఎవరినైనా కడిగేసేదాన్ని, ఒళ్ళంతా కలిపి పాతిక కిలోలు లేకున్నా ఆ కాస్త బరువూ భూమిని నిలబెట్టడానికే ఖర్చుపెట్టిన ఆ పిల్లను మాత్రం ఇన్నేళ్ళయినా ఒక్క మాట అనలేకపోతున్నాను.