డొల్లగా మోగితే

మా పక్కింటి కాక పోయిన సంగతి శనివారం పొద్దున్నే ఆయన భార్య చిన్నమ్మ వచ్చి చెప్పింది. ఏడవలేదు. "మీ కాక లేస్తలేడు బిడ్డా, జర వచ్చి తట్టి లేపు" అన్నది. వెళ్ళాను. తట్టాల్సిన పని లేకపోయింది. చెయ్యి పట్టుకోగానే తెలిసిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో కాక అని పిలవడానికి చుట్టరికం అక్కర్లేదు. నేను బాయిలో చేరిన కొత్తలో (బొగ్గుగనిని మేం బాయి అనే అంటాం) నా చేతికి ఇనప పొన్ను వేసిన కర్ర ఇచ్చి పైకప్పు తట్టడం నేర్పింది ఆయనే. లోపల అడుగు పెట్టేముందు నెత్తి మీది బండను తట్టాలి, చెవి పెట్టి వినాలి. గట్టిగా పలికితే ఫికర్ లేదు. డొల్లగా మోగిందా, బండ లోపల విడిపోయిందన్నట్టే, వెనక్కి దూకాలి. నేను పుట్టుభయస్థుణ్ణి. ఒక్కచోటే పదిసార్లు తట్టేవాణ్ణి. తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. కాక మాత్రం, భయపడేవాడే ఇంటికి పోయి బువ్వ తింటాడని నన్ను వెనకేసుకొచ్చేవాడు.

రిటైరయ్యాక ఆయన ఒంట్లోకి రోగాలు వరసపెట్టి వచ్చాయి. మొదటి షిఫ్టు షుగరు, రెండో షిఫ్టు మోకాళ్ళు, మూడో షిఫ్టు దగ్గు అని ఆయనే లెక్క చెప్పేవాడు. "ఒక్కటన్న నాగా పెట్టదు బిడ్డా, మస్తు డ్యూటీ చేస్తున్నయి" అనేవాడు.

రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని, ఎడమచెయ్యి రొమ్ముకు ఆనించి, కుడిచేతి వేలితో దాని మీద తట్టుకునేవాడు. పైకప్పు చూసుకుంటున్నానని చెప్పేవాడు. డొల్లగా మోగుతోందని లోపల కొంచెం దిగులు ఉండేది, అది నాకొక్కడికే తెలుసు. పోయిన చలికాలంలో ఒకరోజు గోడ మీంచి నన్ను కేకేశాడు. ముఖం వెలిగిపోతోంది. కుడివైపు డొల్ల పోయిందట, బండలా పలుకుతోందట. నన్నూ తట్టి చూడమన్నాడు. చూశాను. నిజమే, గట్టిగానే ఉంది. బాయిలో తలలు పండిన మొనగాళ్ళం ఇద్దరం ఒక మాట మీదికి వచ్చి, చిన్నమ్మతో చాయ్ పెట్టించుకుని సంబరంగా తాగాం.

నెల తిరిగేలోపే ఆయాసం ఎక్కువైతే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు కూడా అచ్చం అలాగే వీపు తట్టి విన్నాడు. చూశావా, మన పనే చేస్తున్నాడన్నట్టు కాక నాకు కన్ను గీటాడు. కానీ డాక్టరు చెప్పింది వేరు. లోపల గాలి ఉంటుంది కాబట్టి రొమ్ము డొల్లగానే మోగాలట. గట్టిగా పలికిందంటే నీరు చేరినట్టట. ఆ రోజు సంబరంగా తాగిన చాయ్ గుర్తొచ్చింది. కాక నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు.

"మా అయ్య చేన్ల ముప్పై గజాలు తవ్వినా బాయిల నీళ్ళు పడలే సారూ. నాకు తవ్వకుండనే పడ్డయి."

నీళ్ళు తోడారు. మళ్ళీ ఊరాయి, మళ్ళీ తోడారు. ప్రతిసారీ పంపు డ్యూటీకి పోతున్నానని వాడకట్టంతా చెప్పి మరీ ఆటో ఎక్కేవాడు. నేను మాత్రం లోలోపల చచ్చేవాణ్ణి. చాయ్ తాగి కూర్చున్న ఆ నెల రోజులూ నేను పోగొట్టినవేనని ఒకసారి ఉండబట్టలేక అనేశాను. పంతులే తప్పు చెబితే పిల్లగాడేం చేస్తాడని కొట్టిపారేశాడు.

ఈలోగా ఉగాది దాటినప్పటి నుంచి నాకూ మెట్లెక్కితే ఎగపోత మొదలైంది. కాకకు తోడు వెళ్ళినప్పుడు ఒకరోజు డాక్టరు నా వాలకం చూసి, ఛాతీ పరీక్షకు ఒక చీటీ రాసిచ్చాడు. నెలన్నర దాన్ని జేబులో దాచాను. ఇంట్లో చెప్పలేదు. చొక్కా మార్చినప్పుడల్లా చీటీనీ మార్చేవాణ్ణి. తలుపేసుకుని తట్టుకునేవాణ్ణి. ఏది మంచి చప్పుడో, ఏది చెడ్డదో, నా చెవి మీద నాకే నమ్మకం పోయింది. చివరికి ఒకరోజు అరుగు మీద దస్తీ తీస్తుంటే చీటీ జారి కాక ముందర పడింది. చదివాడు. తిట్టలేదు.

"కప్పు తట్టకుండ లోపలికి పోతవా నువ్వు? సోమారం ఇద్దరం పోదాం. నేను పంపుకు, నువ్వు కప్పుకు."

ఆ సోమవారం ఇంకా రెండు రోజులుందనగా ఆయన పోయాడు.

దినాలయ్యాక వచ్చిన సోమవారం ఒక్కణ్ణే బయల్దేరాను. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. స్కాన్ తీశారు. దాని సంగతి ఎల్లుండి చెబుతారట. కానీ స్కానుకు ముందు డాక్టరు నన్ను చొక్కా విప్పమని, వీపు మీద వేలు ఆనించి తట్టాడు. కళ్ళు మూసుకున్నాను. ఉద్యోగమంతా డొల్ల చప్పుడుకు వెనక్కి దూకినవాణ్ణి, డొల్లగా మోగాలని మొక్కుకున్నాను. ఎడమవైపు మోగింది. కుడివైపు కూడా మోగింది, ఖాళీ కుండలా. నా కళ్ళ నీళ్ళు చూసి డాక్టరు చెయ్యి తీసేశాడు. నొప్పిగా ఉందా అని అడిగాడు.

"లేదు సారూ. ఇంకొక్కసారి కొట్టుర్రి" అన్నాను.