కరువులో సన్నబడ్డ చెట్లు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో జావా రానివాళ్లు మనుషులే కారు. పగలు ఎర్రమంజిల్ ఆఫీసులో అడవి చెట్ల లావు లెక్కలు రాసుకునే నేను కూడా, ఎవరికీ చెప్పకుండా ఆ కంప్యూటర్ కోర్సులో చేరాను.

మా ఆఫీసు కింద ఊరి బయట రెండు అడవి ముక్కలుండేవి. ఒకదాంట్లో అంతా టేకే. రెండోదాంట్లో టేకు, వేప, మద్ది, నారేప, ఇంకా నాకు పేరు తెలియనివి కలగలిసి ఉండేవి. రకరకాల చెట్ల వేళ్లు తలో లోతుకూ పోతాయని, కరువొచ్చినా అన్నీ ఒకే తడి కోసం కొట్టుకోవని నా నమ్మకం. మా సారు నమ్మలేదు. "కలగలుపు ముక్క ఈ కరువులో పెరగలేదంటే కొట్టించేసి నీలగిరి వేయిద్దాం" అన్నారు.

ఏడాదికోసారి ప్రతి చెట్టుకూ ఛాతీ ఎత్తులో టేపు చుట్టి కొలవాలి. కొలిచిన చోట రంగుతో గీత పెట్టాలి. తర్వాత చూద్దాంలే అని మొదటి ఏడు నేను పెట్టలేదు. కరువు ఏడు టేకు ముక్క నేనే కొలిచాను. కలగలుపు ముక్కకు వెళ్లాల్సిన రోజే జావా పరీక్ష పడింది. అడవికి కాపలా ఉండే వాచర్ భాయ్ చేతికి టేపిచ్చి పంపేశాను.

శనివారం ఆయన కాగితాలు తెచ్చారు. టేకు ముక్క పెరిగీ పెరగనట్టుంది, సరే. కలగలుపు ముక్కలో మాత్రం ప్రతి చెట్టూ సన్నబడింది! ఈ లెక్క చూస్తే ఇంకేముంది, సోమవారం సారు నరికివేతకు సంతకం పెట్టేస్తారు.

భాయ్ మీద ఎగిరాను. "ఏం కొలిచారండీ? చెట్లు ఇంతింత చిక్కిపోతాయా ఎక్కడైనా?"

"మీరు చెప్పినట్లే చేసిన మేడమ్. ఛాతీ కాడ చుట్టమంటిరి. గిట్ల" అని టేపును తన గుండెకు ఆనించి చూపించారు.

ఆయన ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం దాకా కూడా రాను. మొదటి ఏడు కొలిచింది నా ఎత్తులో. మాను పైకి పోయేకొద్దీ సన్నమే కదా! తప్పంతా నాలో పెట్టుకుని పెద్దాయన మీద అరిచినందుకు సిగ్గేసింది. ఆ మాటే చెప్పాను. "ఫికర్ చెయ్యకుండ్రి, రేపు పోదాం" అన్నారు.

ఆదివారం ఇద్దరం పంజాగుట్టలో బస్సెక్కి వెళ్లాం. నేను ఒక్కో మానుకూ నా ఎత్తులో గీత పెట్టడం, ఆయన టేపు చుట్టడం. మూడో చెట్టు దగ్గర, నేను చదివిన మొదటి ఏటి అంకెతో పోల్చి, "పెరిగింది మేడమ్. మస్తు కాదు, జరంత" అన్నారు. తర్వాతదీ పెరిగింది. మద్ది పెరిగింది. అక్కడి టేకు సైతం, అవతలి ముక్కలోని టేకు కంటే బాగా పెరిగింది. అమ్మయ్య అనుకుని ఎండుటాకుల మీదే చతికిలబడ్డాను.

సోమవారం సారుకి జావా పరీక్షతో సహా అంతా చెప్పేశాను. ఆయన చెడామడా తిట్టి, నరికివేత కాగితం నా ముందే చింపేశారు. అన్ని తిట్లు తిని అంత హాయిగా ఇంటికి నడిచిన రోజు నాకు మరొకటి లేదు.