ఓజెల్లత్త గురక

ఓజెల్లత్త ఎక్కడైనా మేలుకునే ఉంటుంది, అధ్యక్షురాలి కుర్చీలో తప్ప.

చర్చిలో పాస్టరు ప్రసంగం భోజనం వేళ దాటినా రెప్ప వాల్చదు. వాగు గట్టున గాలం వేసి కూర్చుంటే చేపకే విసుగొచ్చి చిక్కాలి తప్ప ఆవిడ కునుకు తీయదు. కానీ పసిపిల్లల బడిలో తల్లిదండ్రుల సంఘం కూడి, "మన అధ్యక్షురాలు ఓజెల్లా ప్రూయిట్ గారు" అని ఎవరైనా అనడమే ఆలస్యం, గడ్డం గుండెల మీదికి జారేది. ఆ వెంటనే గురక.

నిద్రల్లో చాలా జాతులున్నాయి. గుర్రం నిలబడి నిద్రపోతుంది, గబ్బిలం తలకిందులుగా, చేప కళ్ళు తెరిచి. రైలు గేటు కాపలావాడు రైలొస్తే లేవడు, రాకపోతే లేస్తాడు. ఓజెల్లత్త నిద్ర ఏ జాతిదో మిసిసిపీ డెల్టాలో ఎవరికీ అంతుబట్టలేదు. అందరికన్నా ఎక్కువగా తల బద్దలు కొట్టుకున్నది వెర్లీన్. ఉపాధ్యక్షురాలు ఆమే మరి.

ఆ పదవి ఆమె కోరుకున్నది కాదు. ఎన్నిక రోజు కొడుకు రూఫస్ ముక్కు తుడవడానికి కిందికి వంగింది. లేచేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు.

"అత్తా, నాకు నలుగురిలో నోరు పెగలదు," అంది ఏడుపు మొహంతో.

"నీకేం పనుంటుందే పిల్లా? అధ్యక్షురాలిని నేనున్నాగా!" అంది ఓజెల్లత్త. అని నిద్రపోయింది.

బడి నడిచేది చర్చి నేలమాళిగలో. కుర్చీలన్నీ నాలుగేళ్ళ వాళ్ళవి. మనవరాలి తరఫున వచ్చే ఓజెల్లత్తకి మూడు కుర్చీలు కలిపి వేసేవారు. ఆ సాయంత్రం కొత్త డైరెక్టరు క్రోవెల్ గారు కూర్చుంటే మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి.

"చిన్న సంగతి," అన్నాడాయన. "గిలియం మట్టిరోడ్డులోకి ఇక బస్సు వెళ్ళదు. వానొస్తే దిగబడుతుంది. మీరు చేతులెత్తితే చాలు, వట్టి తంతు."

ఆ రోడ్డులో చివరి ఇల్లు వెర్లీన్‌దే. పొద్దు పొడవకముందే చేపల ఫ్యాక్టరీకి పరుగెత్తాలి. బస్సు రాకపోతే రూఫస్ చదువు ఆ మట్టిలోనే కలిసిపోతుంది.

అందరూ ఓజెల్లత్త వైపు చూశారు. గుర్ర్ర్.

"ఆవిడని లేపండి," అన్నాడు డైరెక్టరు.

"లేపకూడదు సార్, ఆవిడకి బీపీ," అంది ఒక పిల్లాడి తల్లి హాటీ.

"మరి సభ నడిపేదెవరు?"

తలలన్నీ వెర్లీన్ వైపు తిరిగాయి. ఆమె నసిగింది. "సార్... అది కాదు... మరి..."

గురక ఠక్కున ఆగింది.

"మీరా రోడ్డు చూశారా సార్?" అనేసింది వెర్లీన్.

"మ్యాపులో చూశాను."

"అయితే మా ఇంటి కప్పు ఎక్కడ కారుతోందో కూడా చూసి చెప్పకపోయారా సార్!" అన్నాడు ఇంకో పిల్లాడి తండ్రి ఏమస్. అందరూ గొల్లుమన్నారు.

క్రోవెల్ గారు టైర్లు, పెట్రోలు, రిపేర్లు అంటూ మొదలుపెట్టాడు. గురక మళ్ళీ లేచింది. ఆయన గొంతు పెంచితే అదీ పెరిగింది. ఆయన ఆపితే అదీ ఆగింది. వెర్లీన్ ఓజెల్లత్తని వింతగా చూసింది.

"బస్సు బయటే ఉంది కదా," అంది మెల్లగా. "పోయి చూద్దాం పదండి."

అందరూ కదిలారు. ఓజెల్లత్త నిద్రలోనే నడిచొచ్చి, బస్సెక్కి, ముందు సీట్లో కూలబడింది. నిద్రలో నడిచేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు గానీ, గొడుగు మరిచిపోకుండా నడిచినావిడ ఈవిడొక్కతే.

పొద్దుట వాన పడింది. వంతెన దాటిన కాసేపటికే బస్సు బురదలో కూరుకుపోయింది.

"చెప్పానా!" అన్నాడు క్రోవెల్ గారు. వెర్లీన్ మొహం మాడిపోయింది. ఆయన మాటే నిజమైంది.

అందరూ దిగి నెట్టడం మొదలుపెట్టారు. డైరెక్టరు బూటొకటి బురద మింగేసింది.

"ఆవిడని కూడా దించితే బరువు తగ్గుతుందిగా!" అన్నాడు రొప్పుతూ.

"మా అధ్యక్షురాల్ని బురదలో దించమంటారా?" హాటీ కయ్యిమంది.

బస్సుకి భుజం ఆన్చి నెడుతూ నెడుతూ వెర్లీన్ వెనక్కి చూసింది. "వంతెన దాకా రోడ్డు గట్టిదే కదా సార్. ఎండ రోజు ఇంటిదాకా, వాన రోజు వంతెన దాకా బస్సు రానీండి. అక్కడికి పిల్లల్ని మేమే వంతులేసుకుని తెస్తాం."

"ఇద్దర్ని నేను చంకనేసుకొస్తా," అన్నాడు ఏమస్.

"సరేననేవాళ్ళు చేతులెత్తండి!" అని అరిచింది వెర్లీన్. ఆ అరుపు ఎవరిదా అని ఆమే ఒకసారి చుట్టూ చూసుకుంది.

బురద చేతులన్నీ లేచాయి. క్రోవెల్ గారు కూడా ఎత్తాడు.

"మీకు ఓటు లేదు సార్," అంది వెర్లీన్.

బస్సు కిటికీలోంచి, గురకతో సహా, ఒక గొడుగు పైకి లేచింది.

మరుసటేడు వెర్లీన్ అధ్యక్షురాలయింది. ఓజెల్లత్త మనవరాలు పెద్దబడికి వెళ్ళిపోయినా, పీచ్ పళ్ళ కేకు పంచే నెపంతో ఆవిడ వచ్చి వెనక వరసలో కూర్చునేది, కళ్ళు ఇంతింత చేసుకుని.

"గురక ఎక్కడ నేర్చావత్తా?" అనడిగింది వెర్లీన్.

"మా ఆయన దగ్గర. పెళ్ళినాటి నుంచీ రాత్రిబడే."

"మరి ఎందుకిదంతా?"

"మొదటేడు మేలుకునే ఉన్నానే పిల్లా. ఏ మాటొచ్చినా అందరూ నా మొహమే చూసేవాళ్ళు. నాకు జ్వరమొచ్చిన రోజు, ఫ్యాను వేయాలా వద్దా తేల్చేవాళ్ళు లేక సభంతా ఉడికిపోయింది."

ఆ సాయంత్రం బడికి వంటమనిషిని పెట్టుకునే మాట వచ్చింది. అందరూ వెర్లీన్ వైపు చూశారు. జవాబు ఆమె నాలుక చివరే ఉంది. పక్కన కొత్త ఉపాధ్యక్షుడు లూథర్, ఇద్దరు పిల్లల తండ్రి, తన బూట్ల లేసులు చూసుకుంటూ చెమటలు కక్కుతున్నాడు.

వెర్లీన్ ఆవులించింది. గడ్డం గుండెల మీదికి జారింది. ముక్కులోంచి ఏదో ఈలలాంటిది వచ్చింది.

వెనక వరసలోంచి గుసగుస గదంతా వినబడింది:

"ముక్కుతో కాదే పిల్లా, గొంతులోంచి!"