కొసరు ఫోటో

మొన్న బంగారుపేట మార్కెట్లో వానకు తడిసిన చక్కెర మూట ప్లాస్టిక్ వాసన తగిలి మా అవ్వ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు కేజీఎఫ్‌లో, మా అంగడి ముందు ఇంటిల్లిపాదికీ ఫోటో తీస్తుండగా వాన మొదలైంది. వరుసలోంచి అవ్వ పరుగెత్తి, ఖాళీ చక్కెర సంచిని కెమెరాపై గొడుగులా పట్టుకుంది. ఫోటోలో అందరం పడ్డాం, అవ్వ తప్ప.

బేరంలో నన్ను మించినవాడు లేడని నాకు అప్పటికే పొగరు. "నీ కెమెరాను కాపాడింది మా అవ్వ. కొసరుగా ఆమెదొకటి తీయప్పా!" అన్నాను.

"అంగడోళ్ల బిడ్డవనిపించినావు పో!" ఫోటోగ్రాఫర్ నవ్వి, తడిసిన అవ్వను నిలబెట్టి క్లిక్‌మనిపించాడు.

ఆ ఫోటో రాలేదు. కెమెరా లోపలికి నీళ్లు పోయి అవ్వ ముఖం కరిగిపోయిందని ఏడ్చాను.

పెద్దయ్యాక అడిగితే అవ్వ నవ్వింది. "రీలు అప్పటికే అయిపోయిండె నాయనా. ఆయప్ప నా చెవిలో చెప్పినాడు. నువ్వంత బేరమాడి గెలిస్తివే, నేను నిలబడకుంటే ఎట్ల?"