ఉప్పు చూడని వంటవాడు

రోజంతా ఒక్క మనిషి ముఖం కనిపించని మా ఇంట్లోకి మొన్న ఆదివారం ఇరవై ముఖాల పాచిక ఒకటి వచ్చింది. నిజామాబాద్‌లోనే ఉద్యోగం చేసుకుంటున్న నా మేనకోడలు, ముగ్గురు స్నేహితురాళ్లను వెంటబెట్టుకొని వచ్చి, హాలు మధ్యలో చాప పరిచి, ఆ పాచికను నా అరచేతిలో పెట్టింది. ఒకరు కథ నడుపుతారట, మిగతావాళ్లు తలా ఒక పాత్ర కట్టుకొని అడవులూ గుహలూ తిరుగుతారట. "నువ్వు గూడ ఒక మనిషిని తయారు జెయ్యి అత్తమ్మా. మంత్రగాడో, కత్తి వట్టినోడో, నీ ఇష్టం" అంది. అరవై దాటినదానికి కత్తి ఎందుకు? వంటవాణ్ని చేస్తానన్నాను. పిల్లలు నవ్వారు గానీ కాదనలేదు.

తయారు చేయడానికి పెద్ద కష్టమేమీ కాలేదు, నాకు తెలిసిన మనిషే కాబట్టి. మా ఆయన బోధన్ చుట్టుపక్కల చెరుకు పండే ఊళ్లలో పెళ్లిళ్లకు వండేవాడు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం పెద్దది. ఉల్లిగడ్డలు కోయడానికి నేనూ వెంట పోయేదాన్ని. ఆటలో ఆయుధం ఏమిటని అడిగితే ఆయన పొడుగు గంటె చెప్పాను. బలం తక్కువ, ఓపిక ఎక్కువ అన్నాను. కోపం సంగతి దాచిపెట్టాను, పోయినవాళ్ల మీద చాడీలెందుకు. "లోపం గూడ ఒకటి ఉండాలె" అంది మేనకోడలు. "ఉప్పు సూడడు" అన్నాను.

అది నిజం. దేవుడికి నైవేద్యం పెట్టేదాకా వంట ఎంగిలి కాకూడదని ఆయనకు పని నేర్పినవాళ్లు చెప్పారు. ఆయన ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, నైవేద్యం అయ్యాక కూడా తాను రుచి చూసేవాడు కాదు. పొయ్యి మీది నుంచి పెద్ద గుండిగ దించి, పందిరంతా వినబడేలా "ఇగో, గిటు రా. ఉప్పు సూడు" అని నన్ను పిలిచేవాడు. అరచేతిలో ఇంత పప్పు పోసేవాడు. నేను కళ్లు మూసుకొని, కావాలనే జవాబు ఆలస్యం చేసేదాన్ని. ఆకలి మీదున్న పెళ్లివారికంటే ఆయనకే తొందర. "ఏమాయె, జెప్పరాదు!" అని గంటెతో గుండిగ అంచు కొట్టేవాడు. ఇంట్లో ఇద్దరికి కాచిన చారుకూ ఇదే తంతు. ఆయన పోయాక ఆ పిలుపు లేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా అట్లాగే తినేస్తున్నాను.

ఆటలో మా దారికి ఆకలితో ఉన్న రాక్షసుడు ఒకడు అడ్డం వచ్చాడు. అందరూ కత్తులు దూశారు. నేను వాడికి వండిపెడతానన్నాను. పాచిక దొర్లిస్తే మంచి సంఖ్యే పడింది. "ఇగ వడ్డించు అత్తమ్మా" అంది కథ నడుపుతున్న మేనకోడలు. నేననుకోకుండానే నా నోటి నుంచి, అచ్చం ఆయన అన్నట్టే వచ్చింది: "ఇగో, గిటు రా. ఉప్పు సూడు."

ఆ పిలుపుకు లేచి రావలసినదాన్ని నేనే. నేనేమో వంటవాడినై కూర్చున్నాను. ఏడుపొచ్చింది. అప్పుడు మేనకోడలు, చిన్నప్పుడు మా ఇంట్లో ఈ తంతు చూసినదే కదా, అరచెయ్యి చాచి, ఆ ఖాళీ చేతిని నాలుకకు ఆనించి కళ్లు మూసుకుంది. ఎంతకీ మాట్లాడదు. "ఏమాయె, జెప్పరాదు!" అన్నాను.

"సరిపోయింది" అని నవ్వింది.

వాళ్లు వెళ్లాక, చాలా రోజుల తర్వాత శ్రద్ధగా పప్పు వండాను. దించి, వంటింట్లో నిలబడి ఆ మాటే పైకి అన్నాను. కాసేపు ఎదురుచూసి, ఉప్పు నేనే చూసుకున్నాను. అన్నేళ్లూ ఆయన నా జవాబు కోసం నిలబడిన చోటే ఇప్పుడు నేను నిలబడ్డాను. కాలం గంటెనైతే నా చేతికిచ్చింది, జవాబు చెప్పడానికి మాత్రం ఎవరినీ ఉంచలేదు.