బాపు తోడొచ్చిన సర్వే

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలవాడు కొలిచి పోసిన పాలను మళ్లీ మా ఇంటి గ్లాసుతో కొలిచేదాన్ని. కూరగాయల బండి దగ్గర తక్కెడను కాక తూచేవాడి వేళ్లను చూసేదాన్ని. "అనుమానం పెనుభూతమే బిడ్డా, నిన్ను ఎవడు భరిస్తడే" అని అమ్మ వాపోయేది. కాలేజీలో పరిశోధనా పద్ధతులు అనే సబ్జెక్టు మొదలయ్యాకే నా గుణానికి ఒక గౌరవం దక్కింది. ఎవరిని అడిగారు, ఎవరిని వదిలేశారు, అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారు, ప్రశ్నలోనే జవాబు ఇరికించారా అని ఆ పుస్తకం అడుగడుగునా నిలదీస్తుంది. అనుమానించినందుకు మార్కులు వేసే చదువు ఒకటుందని తెలిసి పొంగిపోయాను.

మేం సూరత్‌లో బమ్రోలి అనే పేటలో ఉండేవాళ్లం. మా నాన్నను నేను బాపు అంటాను. కరీంనగర్ వైపు ఊరి నుంచి పెళ్లికి ముందే ఇక్కడికి వచ్చి మరమగ్గాల మీద పనికి కుదిరాడు. మావాళ్లు వాటిని సాంచాలంటారు. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చినందుకు ఆయనకు ఒక దగ్గు ఉండేది. పొద్దున్నే ఆ దగ్గు వినిపిస్తే బాపు లేచాడని తెలిసేది. కరోనా వచ్చాక అదే దగ్గు వినిపిస్తే నా గుండె జారిపోయేది. రెండో ఏడాది ఎండాకాలంలో మా వైపు అంబులెన్సుల కూతకు అంతులేకుండా పోయింది. అప్పుడే టీకాలు వచ్చాయి. అమ్మ వేయించుకుంది. ఒళ్లు కాలిపోయేంత జ్వరంతో పడుకుంది, తర్వాత లేచింది.

బాపు కూడా వేయించుకున్నానన్నాడు. పని చేసే ఖాతాలోనే, అంటే సాంచాల షెడ్డులోనే, క్యాంపు పెట్టారట. ఫోనులో మెసేజ్ చూపించమంటే, యజమాని సేఠ్ ఫోను నంబరు రాయించారు కాబట్టి ఆయనకే వెళ్లిందన్నాడు. చెయ్యి నొప్పి లేదు. జ్వరం లేదు. మరునాడు ఈల వేసుకుంటూ పనికి పోయాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు.

"ఏ చేతికి ఏసిన్రు బాపూ?" అని అడిగాను.

"ఏ చేతికేస్తే ఏంది? ఏసిన్రు. పోలీసోళ్ల లెక్క అడుగుతవేందే!" అని కసురుకున్నాడు.

నిజం చెప్పేవాడు చెయ్యి చూపిస్తాడు, కోప్పడడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. ఆయన ఊపిరితిత్తుల్లో అప్పటికే సగం సూరత్ దుమ్ముంది. ఆ జబ్బు వస్తే తట్టుకోలేడని నాకు తెలుసు. కానీ బాపును అబద్ధమాడుతున్నావని మొహం మీద అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

సరిగ్గా అప్పుడే కాలేజీలో సర్వే పని ఇచ్చారు. క్లాసులన్నీ ఫోనులోనే. మా మేడం గుజరాతీ ఆవిడ, గణాంకాలు చెప్పేది. ఎవరి పేటలో వాళ్లు కొన్ని ఇళ్లను ఎంచుకుని టీకా గురించి అడగాలి. వేయించుకున్నారా, లేకపోతే ఎందుకు వేయించుకోలేదు, వేయించుకోవాలని ఉందా అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. ఇష్టమొచ్చిన ఇంటికి వెళ్లకూడదు. గల్లీ మొదట్లో చీటీ తీసి ఒక గడపతో మొదలుపెట్టి, అక్కడి నుంచి ప్రతి ఐదో గడప తట్టాలి. తెలిసినవాళ్లనీ, నవ్వు మొహం పెట్టేవాళ్లనీ ఏరుకోకుండా ఉండటానికి ఆ నియమం. అలా లెక్కపెడుతూ పోతే మా గడప కూడా అందులో పడింది.

మా గల్లీలో చాలా రూముల్లో మా ఊరి వైపు నుంచి వచ్చిన మగవాళ్లే ఉంటారు. దిన్ పాళీ, అంటే పగటి షిఫ్టు వాళ్లు లేచి వెళ్లిన చాపల మీద రాత్ పాళీ వాళ్లు వచ్చి పడుకుంటారు. అలాంటి గదులకు ఆడపిల్లను ఒంటరిగా పంపడం బాపుకు ఇష్టం లేదు. "నేను తోడొస్త" అన్నాడు. నాకూ ధైర్యంగానే ఉంది. ఆయనంటే గల్లీలో అందరికీ మర్యాద. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు పని చూపించేది ఆయనే, సేఠ్‌తో గొడవైతే ముందు నిలబడేదీ ఆయనే. నేను గుమ్మం ముందు నిలబడి ప్రశ్న చదివితే, ఆయన నా వెనకాల చేతులు కట్టుకుని నిలబడేవాడు.

జవాబులు చకచకా వచ్చాయి. వేయించుకున్నారా? వేయించుకున్నం. భయమేమైనా ఉందా? ఏం భయం లేదు. ఇంకొకరికి చెప్తారా? అందరికీ చెప్తం. ఒక గదిలో నిద్ర కళ్లతో లేచిన ఒకతను నేను ప్రశ్న పూర్తి చేయకముందే అవునన్నాడు. ఇంకొకతను మాస్కు ముక్కు పైదాకా లాగి, చేతులు సబ్బుతో కడుక్కోవాలనీ దూరం పాటించాలనీ నేను అడగనివి కూడా అప్పచెప్పాడు. నాకు ఒళ్లు మండింది. బమ్రోలి ఎప్పుడు ఇంత బుద్ధిమంతురాలైంది? చివర్లో మా గడప దగ్గర ఆగి బాపును కూడా అడిగాను. "ఏసుకున్న, రాస్కో" అన్నాడు.

లెక్కలు పంపగానే మేడం ఫోను చేసింది. జవాబులు ఒకదానికొకటి ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో కొలిచే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని విచలనం అంటారు. నా జవాబుల్లో అసలు చెదరడమే లేదు. అన్నీ ఒకేచోట కుప్పపోసినట్టున్నాయి.

"ఇంట్లో కూర్చుని రాశావా?" అని అడిగింది.

లేదన్నాను. ప్రతి గడపా తొక్కానన్నాను. నమ్మినట్టు లేదు. "అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారు?" అంది.

"మా నాన్న."

అటువైపు ఆవిడ నిట్టూర్చిన చప్పుడు వినిపించింది. మళ్లీ వెళ్లమంది. పక్కన ఎవరూ వినకూడదు. జవాబు ఎవరికీ చెప్పబోమన్న హామీని మొదట అక్షరం పొల్లుపోకుండా చదవాలి. ఏం చెప్పినా మెచ్చుకోకూడదు, మొహం చిట్లించకూడదు, వాదించకూడదు, నేర్పకూడదు. రాసుకుని ధన్యవాదాలు చెప్పి రావాలి. కంచే చేను మేసిందని నాకప్పుడు తలకెక్కింది. కాపలాకు తీసుకెళ్లిన మనిషే జవాబులన్నింటినీ తనవైపు తిప్పేశాడు. పుస్తకంలో పేజీలకు పేజీలు గీతలు గీసుకుని చదివిన సంగతి నా వెనకాలే నిలబడి ఉంటే నాకు కనిపించలేదు.

ఈసారి బాపు పనికి వెళ్లినప్పుడు అమ్మను తీసుకెళ్లాను. గల్లీ చివర అరుగు మీద మాటలు వినపడనంత దూరంలో కూర్చోమన్నాను. ఒక్కొక్కరినే బయటికి పిలిచాను. హామీ చదవగానే ముందు నన్నే అనుమానించారు.

"ఇది మున్సిపాలిటోళ్లకు ఇస్తవా చెల్లె? మల్ల వచ్చి గల్లీకి రేకులు కొడ్తరా?"

వాళ్ల అనుమానం తప్పు కాదు. మొదటి ఏడాది ఒక్కరికి జ్వరమని తెలిస్తే చాలు, గల్లీ మొత్తం మూసేశారు. పేర్లు రాయనని కాగితం తిప్పి చూపించాను. ముక్కు పైదాకా మాస్కు లాగి పాఠం అప్పచెప్పిన ఆ మనిషే ఇప్పుడు తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"నిజం చెప్పాల్నా, నీకు మార్కులు రావాల్నా? ఒకటి జెప్పు."

"అదేంది అన్నా?"

"మొన్న మీ నాయిన ఒక దినం ముందుగాల్నే అందరి రూములకు వచ్చిండు గదా. 'మా పిల్లకు పరీక్ష ఉన్నది, మీరు తప్పు జెప్తే పిల్ల ఫెయిలైతది, జర మంచిగ చెప్పుండ్రి' అన్నడు. మేం మోబైల్ల చూసి నేర్చుకున్నం. ఒక్కటన్న తప్పు వోయిందా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాత్రంతా సాంచాల మోతలో నిలబడి వచ్చిన మనుషులు నిద్ర మానుకుని నా పరీక్షకు చదివారు. సర్వేలో తప్పు జవాబుండదని వాళ్లకు ఎవరు చెప్తారు? చదువుకునే పిల్ల ప్రశ్న అడిగిందంటే అది పరీక్షే. అడిగేది తమనే కాబట్టి పాసవ్వాల్సింది కూడా తామే. ఇంత ప్రేమతో ఎవరూ నా లెక్కలు పాడుచేయలేదు.

"తప్పేం పోలేదన్నా. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు, మార్కులు దానికే వేస్తరు" అన్నాను.

"అట్లనా! అయితే ఏసుకోలే" అన్నాడు హాయిగా.

తీగ లాగితే డొంకంతా కదిలింది. చాలామంది వేయించుకోలేదు. వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకతను వేయించుకుని ఇంట్లో పెళ్లానికి చెప్పలేదు. ఒకతను పొద్దున లైనులో నిలబడి, పాళీ టైమైందని మధ్యలో వచ్చేశాడు. ఎందుకు వేయించుకోలేదని ఒక పెద్దమనిషిని అడిగితే నన్ను వింతగా చూశాడు.

"క్యాంపు పెట్టిన దినం మేమంత ఖాతా గేటు దాంక పోయినం బిడ్డా. మీ నాయిన గేటు కాడ ఆగిండు. జరసేపు నిలవడ్డడు, మల్ల వెనక్కి తిరిగిండు. ఆయనే ఏసుకోకపాయె, మేమెట్ల ఏసుకుంటం?"

మెచ్చుకోకూడదు, మొహం చిట్లించకూడదు. రాసుకున్నాను. ధన్యవాదాలన్నాను. గల్లీ చివరికి వచ్చి అమ్మ పక్కన కూలబడ్డాను. అమ్మ ఏమైందని అడిగింది. ఎండ అన్నాను. నా అనుమానం నిజమైనప్పుడల్లా నాకు లోపల ఒక గర్వం ఉండేది. ఆ రోజు భయం తప్ప మరేమీ లేదు.

ఇక మా గడప మిగిలింది. అసలైతే మా ఇంటికి వేరే విద్యార్థి వచ్చి అడగాలి. ఆ రోజుల్లో ఎవరింటికి ఎవరొస్తారు? పద్ధతి తప్పకుండా నువ్వే అడుగు, ఆ సంగతి రిపోర్టులో రాయి అంది మేడం. ఆదివారం పొద్దున మా మేడ మీద రెండు ప్లాస్టిక్ స్టూళ్లు దూరం దూరంగా వేశాను. బాపు మొహం కడుక్కుని, పండగ చొక్కా వేసుకుని, మాస్కు పెట్టుకుని వచ్చాడు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

"అడుగుండ్రి మేడం" అన్నాడు.

నేను నవ్వలేదు. హామీ చదివాను. మీరు చెప్పింది ఎవరికీ చెప్పం, మీ పేరు ఎక్కడా రాయం, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఎవ్వలకూ చెప్పరా?"

"చెప్పం."

"ఇంట్లోల్లకు సుత?"

"ఎవరికీ చెప్పం" అన్నాను.

టీకా వేయించుకున్నారా అని చదివాను. ఆయన పక్కింటి మేడ మీద ఆరేసిన చీరల వైపు చూశాడు.

"ఏసుకోలే."

కారణం అడిగాను.

"నా పక్క సాంచాలు నడిపేటోడు ఉండె. క్యాంపుకు ముందుగాల్నే నవ్వుకుంట పోయి సూది ఏసుకున్నడు. ఆ వారంలనే పోయిండు. ఆని సాంచాలు నేనే బందు చేసిన." కొంచెంసేపు దగ్గాడు. "నేను గేటు దాంక పోయిన మేడం. కాళ్లు కదలలే. నాకు భయమైతుంది."

బాపు నోట ఆ మాట నేను పుట్టాక వినలేదు. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు, ఆ మనిషికి జబ్బు అప్పటికే అంటుకుని ఉండొచ్చు. అది నాకు బాగా వచ్చిన పాఠం. నాలుక చివర దాకా వచ్చింది. వాదించకూడదు, నేర్పకూడదు. చెంపలు తడుస్తుంటే మాస్కును కళ్ల కిందిదాకా పైకి లాక్కుని, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ధన్యవాదాలు చెప్పాను.

ఆయన లేచి, మెట్ల దాకా వెళ్లి ఆగాడు.

"మేడం, ఒక్క మాట. నేను భయపడ్డట్టు మా బిడ్డకు తెల్వద్దు."

"తెలియదు" అన్నాను.

కిందికి దిగి అమ్మను చాయ్ అడిగిన గొంతు మామూలుగానే ఉంది.

లెక్కలు మళ్లీ పంపాను. అవునులు, కాదులు, చెప్పలేమన్నవి కలగాపులగంగా ఉన్నాయి. మేడం తీసుకుంది. నాకు ఆనందం కలగలేదు. మాటిచ్చాను కాబట్టి బాపును నిలదీయలేను. నిలదీయకపోతే ఆయన వేయించుకోడు. అమ్మతో చెబుదామా అని వంటింటి దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చాను.

ఆ తర్వాత మా వయసు వాళ్లకు కూడా టీకాలు మొదలయ్యాయి. దగ్గర్లోని బడిలో క్యాంపు పెట్టారు. నేను బాపు దగ్గరికి వెళ్లి, "నాకు భయమైతుంది బాపూ, తోడు రా" అన్నాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. అనుమానించాడు. నేను ఆయన బిడ్డనే కదా, ఆ గుణం ఎక్కడి నుంచో వచ్చి ఉండాలి. చెప్పులు వేసుకున్నాడు.

బడి గేటు దగ్గర ఆయన నడక నెమ్మదించింది. నేను చెయ్యి పట్టుకున్నాను. నా భయానికే పట్టుకున్నానని ఆయన అనుకునేలా గట్టిగా పట్టుకున్నాను. లోపల టేబుల్ దగ్గర కూర్చున్న అమ్మాయి నా పేరు రాసుకుని ఆయన వైపు తిరిగింది. "కాకా, పహేలో కే బీజో?" అంది. మొదటి డోసా, రెండో డోసా?

ఆయన నా వైపు చూశాడు. నేను ఫోను తీసి, ఎవరో పిలిచినట్టు చెవికి ఆనించుకుని గోడ వైపు తిరిగాను.

"పహేలో" అన్నాడు బాపు, చిన్న గొంతుతో.

నేను ఎవరూ లేని ఫోనులో హలో, హలో అంటూనే ఉన్నాను.